పాత సమాధిని ఎలా విప్పాలి

మా నాన్న తాపీమేస్త్రి. నేను మొదటిసారి ఇటలీ వెళ్ళేటప్పుడు ఆయన తన చిన్న తాపీని, గోడల మూలలు సర్దడానికి వాడే కోసు తాపీని, పాత లుంగీ ముక్కలో చుట్టి నా బ్యాగులో పెట్టారు. "అక్కడోళ్ళు ఇచ్చేది నీ చేతికి కుదురుద్దో లేదో అమ్మాయ్, ఇది పట్టుకెళ్ళు" అన్నారు. వరసగా మూడు వేసవులు, మధ్య ఇటలీలోని అబ్రుజ్జో కొండల నడుమ, ఒక పురాతన శ్మశానం తవ్వకంలో ఆ తాపీతోనే పనిచేశాను. ఇప్పుడు మా గోదావరి లంకలో, మా దొడ్లోనే, ఏటా సంక్రాంతి వెళ్ళాక కొందరు కాలేజీ పిల్లలకి ఉత్తుత్తి సమాధి ఒకటి చేసి పెట్టి, దాన్ని విప్పడం నేర్పిస్తున్నాను. రేపు నిజమైన తవ్వకంలోకి వెళ్ళాలనుకునే ఎవరికైనా పనికొస్తుందని, నేర్పే వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. సమాధిని ఒక్కసారే విప్పగలం. నాన్న పాత ఇళ్ళు పడగొట్టేటప్పుడు అనేవారు, గోడ కూలిస్తే ఇటుకలు మిగులుతాయి గానీ గోడ మిగలదని. ఇక్కడా అంతే. కుండ మిగులుతుంది, ఎముక మిగులుతుంది. అవి ఏది ఏ మట్టిలో, దేని మీద, దేని కింద ఉందో ఆ వరస మాత్రం మన చేతుల్లోనే పోతుంది. పోయేలోపు దాన్ని కాగితం మీదకి ఎక్కించడమే అసలు పని. తవ్వడం అందులో ఒక భాగం మాత్రమే.

మేము తవ్వింది ఇటాలిక్ జనాల శ్మశానం. ఇటాలిక్ జనాలంటే రోమ్ పెరిగి పెద్దదై అందరినీ తనలో కలుపుకోకముందు ఆ నేల మీద ఉన్న జాతులు. వెస్తీనులు, సామ్నైట్లు, పిచెనులు, లాటిన్లు, ఇలా చాలా పేర్లున్నాయి. మట్టితో, కర్రతో కట్టుకున్న వాళ్ళ ఊళ్ళు చాలావరకు నేలలో కలిసిపోయాయి, శ్మశానాలు మిగిలాయి. లాక్విలా పట్టణం దగ్గర ఫోస్సా అనే చోట 1992లో బయటపడిన శ్మశానంలో 500కు పైగా సమాధులున్నాయి. వాటిలో పాతవి, అంటే క్రీ.పూ. 9, 8 శతాబ్దాల నాటివి, గుండ్రని మట్టిదిబ్బలు. కొన్ని దిబ్బల పక్కన నిలువురాళ్ళు ఒక వరసలో పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతూ పోతాయి. ఆ రాళ్ళ బొమ్మ చూసినప్పుడు నాకు గోదావరి ఎగువన జానంపేట వైపు ఉన్న రాక్షస గుళ్ళు గుర్తొచ్చాయి. మన పెద్దరాతి సమాధులూ ఇనుప యుగానివే. వీళ్ళకీ వాళ్ళకీ సంబంధం ఉందని కాదు. చనిపోయినవాళ్ళ కోసం రాయి నిలబెట్టాలన్న ఆలోచన రెండు చోట్లా ఉంది, అంతే. అదే నన్ను ఆ పనిలో నిలబెట్టింది.

అనుమతి లేకుండా ముట్టుకోవద్దు

పిల్లలకి మొదటి రోజు తాపీ ఇవ్వను. చట్టం చెబుతాను. 1934లో కాపెస్త్రానో అనే ఊళ్ళో ఒక రైతు ద్రాక్షతోట వేయడానికి నేల తవ్వుతుంటే రాతి మనిషి బయటపడ్డాడు. ఎత్తు 2 మీటర్లకు పైనే. తల మీద పళ్ళెమంత వెడల్పు టోపీ, రొమ్ము మీద గుండ్రని కవచం, పక్కన చెక్కిన అక్షరాలు. క్రీ.పూ. 6వ శతాబ్దపు ఆ యోధుడు ఇప్పుడు కియేతిలోని మ్యూజియంలో ఉన్నాడు. ఆ విషయం బయటికి తెలిసింది కాబట్టే పురావస్తువాళ్ళు వచ్చి ఆ పొలంలో శ్మశానం మొత్తాన్ని వెతికారు. ఎవరికీ చెప్పకుండా అమ్మేసుకుని ఉంటే అది ఊరూ పేరూ లేని బొమ్మగా మిగిలేది. ఇటలీలో ఇప్పుడు 2004 నాటి చట్టం ప్రకారం ఇలాంటిది కంటపడితే 24 గంటల్లో అధికారులకి చెప్పాలి. దొరికినది ప్రభుత్వానిది.

మన దగ్గర 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది. నేలలో దాగిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే, దొరికినవాళ్ళు కలెక్టరుకి తెలియజేయాలి. రక్షిత స్థలాల మీద 1958 నాటి చట్టం ఉంది. అక్కడ లైసెన్సు లేకుండా తవ్వడం నేరం. చేపల చెరువు తవ్వుతుంటేనో, ఇంటి పునాది తీస్తుంటేనో పెద్ద ఇటుకలు, రంగు కుండపెంకులు, ఎముకలు కనిపిస్తే పని ఆపండి, కదపకుండా ఫోటో తీయండి, తహసీల్దారు ఆఫీసులో చెప్పండి. మామిడికుదురు మండలం ఆదుర్రులో ఇటుక స్తూపం ఉంది కదా. ఈ డెల్టాలో పాతకాలం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అది ఒండ్రు కింద ఉంది, అంతే.

నేలను చదవడం

తవ్వకానికి ముందు రెండు మూడు వారాలు నేను పిల్లల్ని ఏటిగట్టుకి తీసుకెళ్తాను. వరద తీశాక లంక ఒడ్డు నిట్టనిలువుగా తెగిపోయిన చోట నిలబడతాం. ఇంతకు మించిన పాఠశాల నాకు ఇటలీలో కూడా దొరకలేదు. గరుకు ఇసుక పొర ఉంటే ఆ ఏడు నీరు జోరుగా పారిందని అర్థం. మెత్తటి ఒండ్రు ఉంటే నీరు నిలిచి నెమ్మదిగా తేరుకుందని. మధ్యలో సన్నగా నల్లటి గీత ఉంటే అది కుళ్ళిన ఆకూ అలమూ. తాపీతో ఆ గోడను పైనుంచి కిందకి పల్చగా గీకి, నీళ్ళు చిలకరిస్తే రంగులు విడివిడిగా తేలతాయి.

ఒక ఏడాది మా గుంపులో ఒకబ్బాయికి నాలుగడుగుల లోతున, ఒండ్రు పొరలో ఇరుక్కున్న షాంపూ ప్యాకెట్ కనిపించింది. దాన్ని లాగేయబోతే ఆపాను. ఆ ప్యాకెట్ అక్కడ ఉంది కాబట్టి ఆ పొర ప్యాకెట్లు వచ్చాకే ఏర్పడింది, అంతకు ముందుది కాలేదు. దాని పైన ఉన్న నాలుగడుగులూ ఇంకా తర్వాతవి. సమాధిలో దొరికే నాణేనికైనా, బొత్తానికైనా ఇదే లెక్క. ఒక పొరలో ఉన్న వస్తువుల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో, పొర వయసు దానికన్నా పాతది కాదు. ఆ రోజు తర్వాత ఎవరికీ ఈ సూత్రం మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

పై నుంచి కూడా నేలను చదవచ్చు. పిచెనుల పెద్దల సమాధుల చుట్టూ గుండ్రంగా కందకం తవ్వేవారు. తర్వాత అది పూడిపోయినా, ఆ మట్టి మెత్తన, తేమ ఎక్కువ. అందుకని దాని మీద పంట చుట్టుపక్కలకన్నా ఏపుగా, పచ్చగా పెరుగుతుంది. ఇటలీలోనే కొరినాల్దో అనే ఊరి దగ్గర పొలాల్లో 30 మీటర్ల అడ్డుకొలత ఉన్న అలాంటి కందకం ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో గుండ్రటి గీతలా కనబడింది. 2018లో అక్కడ తవ్వితే ఒక రాచవాడి సమాధి తేలింది. మన రైతులకి ఇది కొత్త కాదు. పూడ్చేసిన పాత బోదె మీద వరి ఎలా ఎగసి ఉంటుందో ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.

దొడ్లో గొయ్యి

నేర్చుకోవడానికి నిజమైన సమాధి అక్కర్లేదు, తగదు కూడా. ఒక ఏడాది ముందే గొయ్యి తయారు చేసుకోవాలి. మెరక చోటు చూసుకోండి. పల్లంలో అయితే మూడడుగులకే ఊట వస్తుంది. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల లోతు చాలు. అడుగున వెదురుబొంగు ముక్కలతో మనిషి ఆకారం పేర్చండి. తల దగ్గర ముంత బోర్లించండి. పాదాల వైపు పెద్ద కుండ ఒకటి, దాని లోపల చిన్న ముంత ఒకటి పెట్టండి. ఇది నేను ఊరికే చెప్పడం లేదు. అబ్రుజ్జో సమాధుల్లో ఎక్కువగా కనిపించే వరస ఇదే: పాదాల దగ్గర పెద్ద కుండ, అందులో ముంచుకు తాగడానికి చిన్న పాత్ర. మెడ చోట ఒక పూసల దండ తెంపి వేయండి. భుజాల దగ్గర రెండు పిన్నీసులు పెట్టండి. వాళ్ళూ బట్టను భుజం మీద కంచు పిన్నుతో బిగించుకునేవారు. ఇక పైన మట్టి పోసేటప్పుడు తవ్విన వరసలో కాకుండా కలగలిపి పోయండి. నాలుగు పెద్ద రాళ్ళు మధ్యలో వేయండి. పైన చదును చేసి, మీద బెండో బీరో వేసి మర్చిపోండి. ఒక వానాకాలం గడవాలి. పేర్చినవాళ్ళు, విప్పేవాళ్ళు వేరువేరుగా ఉండాలి.

తవ్వే కాలం సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరక ముందు. దాళ్వా చేలు పక్కనే ఉంటే ఊట పైకి ఉంటుంది కాబట్టి ముందు పక్కన ఒక చిన్న గొయ్యి తీసి చూసుకోండి. నీరు వస్తే ఆ ఏడాదికి మానేయండి. బురదలో రంగులు తెలియవు.

చదరం వేయడానికి మేస్త్రిల పద్ధతే. మూడు, నాలుగు, అయిదు కొలతలతో దారం లాగితే మూల సరిగ్గా వస్తుంది. నాలుగు మేకులు, నూలుదారం. ఎత్తు కొలవడానికి ఎప్పటికీ కదలని గుర్తు ఒకటి కావాలి. మాకు నూతి పళ్ళెం మూల. అక్కడి నుంచి నీళ్ళ పైపు పట్టి ప్రతి లోతూ ఆ గుర్తుకు ఎంత కిందో రాస్తాం. కొబ్బరిచెట్టు మీద గుర్తు పెట్టకండి. ఒక ఏడాది పెట్టాం. మర్నాడు కొబ్బరి దింపేవాళ్ళు దాని మీద మట్టలు వేశారు, గీత చెరిగింది, రెండు రోజుల కొలతలు పనికిరాకుండా పోయాయి.

పెద్ద తవ్వకాల్లో చదరాలు పక్కపక్కన వేసి మధ్యలో తవ్వని గట్లు వదులుతారు. 1944 నుంచి 1948 దాకా మన పురావస్తు శాఖకు అధిపతిగా ఉన్న మోర్టిమర్ వీలర్ ఇక్కడివాళ్ళకి ఈ పద్ధతిని పట్టుబట్టి నేర్పాడు. మడి, గట్టు అని చెబితే మా పిల్లలకి ఒక్క నిమిషంలో అర్థమైంది. గట్టు గోడలో పొరలు నిలువుగా కనబడతాయి. అందుకే దాని మీద కూర్చోకూడదు, దాని అంచున బరువు పెట్టకూడదు.

మట్టి తీయడం

పై మట్టి, అంటే నాగలి తిరిగిన జానెడు మూరెడు లోతు, పారతో తీయొచ్చు. ఇటలీలో దీనికి పళ్ళు లేని బకెట్ తగిలించిన చిన్న పొక్లెయిన్ వాడతారు, పక్కనే ఒక మనిషి నిలబడి కళ్ళార్పకుండా చూస్తుంటాడు. ఆ తర్వాత అంతా తాపీయే. తాపీని గుచ్చకండి. అంచుతో మీ వైపుకి గీకండి, కొద్దికొద్దిగా, చదరం మొత్తం ఒకే మట్టంలో దిగుతూ. మీరు వెనక్కి జరుగుతూ గీకాలి, తీసి శుభ్రం చేసిన చోట మళ్ళీ మోకాలు పెట్టకూడదు.

ఏదో ఒక క్షణంలో సమాధి అంచు కనబడుతుంది. నేల ఒక రంగు, పూడ్చిన మట్టి ఇంకో రంగు. ఎందుకంటే గొయ్యి తీసినప్పుడు నాలుగు పొరలూ కలిసిపోయి మళ్ళీ లోపల పడ్డాయి. అది కాస్త ముదురుగా, మచ్చలు మచ్చలుగా, గీకితే మెత్తగా ఉంటుంది. ఎండ నడినెత్తిన ఉంటే ఈ తేడా కనబడదు. పొద్దున్నే, లేదా సాయంత్రం వాలు ఎండలో చూడాలి. చూడగానే తాపీ మొనతో అంచు వెంట గీత గీయండి, మేకులు గుచ్చండి, అప్పుడు ఫోటో. ఫోటోలో కొలబద్ద, ఉత్తరం బాణం, నంబరు రాసిన పలక తప్పకుండా ఉండాలి.

నంబర్ల సంగతి చాలామందికి విసుగు. కానీ ఇదే ఈ పనికి వెన్నెముక. కనబడిన ప్రతి వేరు సంగతికీ ఒక నంబరు. గొయ్యి తీసిన కోత ఒక నంబరు, అది ఖాళీయే అయినా సరే. పూడ్చిన మట్టి ఒకటి, మధ్యలో వేసిన రాళ్ళు ఒకటి, మనిషి ఒకటి, కుండలోని మట్టి మరొకటి. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అని ఆ నంబర్లను కిందనుంచి పైకి గీతలతో కలుపుతూ పోవాలి. ఎడ్వర్డ్ హ్యారిస్ 1973లో ఈ పటం గీసే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు లోకమంతా అదే వాడుతోంది. మన వంశవృక్షం లాగే ఉంటుంది, కాకపోతే ఇందులో పాతవాళ్ళు అడుగున ఉంటారు. విప్పడం మాత్రం దానికి తలకిందులు. చివర పడింది ముందు లేస్తుంది.

పూడ్చిన మట్టిని ఒక్కసారిగా తోడకండి. నిలువునా సగం తీసి, మిగతా సగం గోడలా ఉంచి, ఆ గోడ బొమ్మ గీసి, అప్పుడు రెండో సగం తీయండి. రెండో వేసవిలో నేను ఈ నియమం తప్పాను. మధ్యాహ్నం కావొస్తోంది, ఎండ, ఆకలి, ఇంకో జానెడు తీస్తే ఎముక వస్తుందన్న ఆత్రం. సమాధి పక్కల వెంట సన్నటి నల్లటి గీత ఉంది, అరచేయి మందం కూడా లేదు. కుళ్ళిపోయిన చెక్కపెట్టె తాలూకు ఆనవాలు అది. ఎడమ వైపు ఆ గీతను నేను తాపీతో గీకి పారేశాను. ఒకవైపే మిగిలింది. పెట్టె వెడల్పు ఎంతో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ రోజు నుంచి అలసట అనిపించగానే తాపీ పక్కన పెట్టి జల్లెడ దగ్గరికి వెళ్తాను. మీరూ అలాగే చేయండి.

తీసిన మట్టి అంతా జల్లెడ పట్టాలి. మామూలు మట్టికి అయిదు మిల్లీమీటర్ల కన్ను చాలు. మెడ, చేతులు, నడుము దగ్గరి మట్టికి మాత్రం రెండు మిల్లీమీటర్లు, లేకపోతే పూసలు జారిపోతాయి.

ఎముకలు

ఎముకల దగ్గర ఇనుము వాడకూడదు. అక్కడ మాకు వెదురు పుల్లలు ఇచ్చేవారు. నేను రెండో ఏడాది నుంచి ఇంటి నుంచి కొబ్బరి ఈనెలు తీసుకెళ్ళాను. ఎండిన ఈనె కొనను ఏటవాలుగా చెక్కితే వెదురుకన్నా మేలు. వంగుతుంది, ఎముకను గీరదు. మా గుంపులో అందరూ అవే అడిగి తీసుకున్నారు. దానితో మట్టిని వదులు చేసి, మెత్తటి కుంచెతో చేటలోకి తోయాలి. నడుము దగ్గర మొదలుపెట్టి పైకీ కిందకీ వెళ్ళండి. చేతులు, పాదాలు చివరికి ఉంచండి. ఒక్కో చేతిలో 27 ఎముకలు, ఒక్కో పాదంలో 26. పెద్దవాళ్ళ ఒంట్లో ఉన్న 206లో సగానికి పైగా ఇక్కడే ఉన్నాయి, ఇవే ముందు కదిలిపోతాయి.

అంతా తేలాక వెంటనే ఎత్తకండి. చూస్తూ కూర్చోండి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ ఇదే. ఫ్రాన్సుకు చెందిన ఆన్రి డ్యూడే అనే పరిశోధకుడు శవం ఎలా శిథిలమైందో ఎముకల తీరు నుంచి చదవడం ఒక శాస్త్రంగా నిలబెట్టాడు. మట్టి నేరుగా ఒంటి మీద పోస్తే, మాంసం పోయినకొద్దీ ఆ చోటులోకి మట్టి దిగుతుంది, ఎముకలు ఉన్నచోటే ఉంటాయి. మోకాలిచిప్ప మోకాలి మీదే ఉంటుంది. పెట్టెలో ఖాళీ ఉంటే అవి జారతాయి. కటి ఎముకలు రెండు పక్కలకీ తెరుచుకుంటాయి, మోకాలిచిప్ప పక్కకి పడుతుంది, దవడ కిందకి వేలాడుతుంది. బట్టలో బిగించి చుట్టి ఉంటే భుజాలు దగ్గరికి నొక్కుకుని మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ బోన్లు నిలువుగా తిరుగుతాయి, మోకాళ్ళు అంటుకుని ఉంటాయి. అంటే చెక్క కుళ్ళిపోయినా పెట్టె ఉందో లేదో ఎముకలు చెబుతాయి, బట్ట పోయినా చుట్టారో లేదో చెబుతాయి. ఆఖరిసారి ఆ మనిషిని ఎవరో ఎలా పడుకోబెట్టారో, ఎంత జాగ్రత్తగా కాళ్ళు సర్దారో అక్కడ కనబడుతుంది. ఎముక ఎత్తేశాక కనబడదు.

మా అమ్మ రోజూ రాత్రి ఫోన్లో ఒకటే అడిగేది. "ఎవరి సమాధో ఏవిటో, ముందు దణ్ణం పెట్టుకున్నావా?" పెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఉత్తుత్తి గొయ్యి దగ్గర కూడా పిల్లల చేత పెట్టిస్తాను. వెదురుబొంగులకి ఎందుకు మేడమ్ అని అడిగిన అబ్బాయికి, చేయి అలవాటు పడాలి నాన్నా అని చెప్పాను. అలాగే ఎముకల పక్కన సెల్ఫీలు వద్దు, పుర్రె చేతిలో పట్టుకుని ఫోటోలు వద్దు.

మూడో వేసవిలో నాకూ ఇంకో అమ్మాయికీ ఒక చిన్న సమాధి అప్పగించారు. మూరెడు పొడవు కూడా లేదు. పైన వంపు తిరిగిన మట్టిపెంకు ఒకటి, కింద ఇంకొకటి, దోసిట్లో దోసిలి మూసినట్టు. అచ్చం మా పాత ఇంటి కూనపెంకు. లోపల పసికందు. ఆ ప్రాంతంలో పసిబిడ్డల్ని అలా పెంకుల మధ్య పెట్టడం మామూలే. ఆ పెంకును కూన అని ఎందుకన్నారో తెలియదు గానీ, ఆ రోజు ఆ మాట నన్ను వదల్లేదు. ఆ సమాధికి మాకు రెండు రోజులు పట్టింది. పసిఎముకలు కోడి ఎముకల్లా ఉంటాయి, గింజల్లాంటి పంటి మొగ్గలు దవడలోనే దాగి ఉంటాయి, ఇంకా మొలవనివి. అందుకని పెంకు లోపలి మట్టి మొత్తం ఒక్క చిటికెడు పారేయకుండా సంచుల్లోకి ఎత్తి, తర్వాత నీళ్ళలో జల్లించాం. పసివాళ్ళ వయసు తేల్చేది ఆ పంటి మొగ్గలే.

ఎత్తేటప్పుడు కుడి చేయి వేరే సంచి, ఎడమ చేయి వేరే సంచి. పాదాలూ అంతే. పుర్రెలోని మట్టిని అక్కడే దులపకండి, అలాగే ఉంచండి. పొట్ట చోట ఉన్న మట్టి వేరే సంచిలో తీసుకోండి, అందులో పిత్తాశయం రాళ్ళు, ఒక్కోసారి పుట్టని బిడ్డ ఎముకలు కూడా దొరుకుతాయి. డీఎన్ఏ పరీక్షకి పంపేదైతే గ్లోవ్స్, మాస్కు లేకుండా ముట్టుకోకూడదు. చెవి లోపల ఉండే గట్టి ఎముకలో, పళ్ళలో అది బాగా నిలుస్తుంది. పంటి మీది పింగాణీ చిన్నతనంలోనే తయారై ఇక మారదు. నేల నుంచి తిండిలోకి, తిండి నుంచి పంటిలోకి చేరే స్ట్రాన్షియం అనే లోహాన్ని అందులో చూసి ఆ మనిషి ఎలాంటి నేల మీద పెరిగాడో, ఆ ఊరివాడో బయటి నుంచి వచ్చాడో చెప్పగలుగుతున్నారు.

కుండ, కంచు, ఇనుము

కుండను చూడగానే కడగాలనిపిస్తుంది. కడగకండి. లోపలి మట్టిలో, గోడల్లో, ఏం తిన్నారో ఏం తాగారో దాని ఆనవాళ్ళు ఉండొచ్చు. పైన గీతలుండొచ్చు. రోమ్ దగ్గర ఓస్తేరియా దెల్ ఓసా అనే శ్మశానంలో 600 దాకా సమాధులు 1971 నుంచి 1986 వరకు అన్నా మరియా బియెత్తి సెస్తియెరి ఆధ్వర్యంలో విప్పారు. అక్కడ 482వ సమాధిలో ఒక చిన్న కుండ మీద గీసిన అయిదు గ్రీకు అక్షరాలు దొరికాయి. క్రీ.పూ. 8వ శతాబ్దానివి. ఇటలీ నేల మీద దొరికిన అక్షరాల్లో అన్నిటికన్నా పాతవాటిలో అదొకటి. గట్టిగా రుద్దే చేతిలో పడితే అలాంటి గీతలు ఏమవుతాయో ఊహించుకోండి.

పగిలిన కుండను ముక్కలుగా ఏరకండి. చుట్టూ మట్టిని స్తంభంలా వదిలి, బట్ట పీలికలు చుట్టి, అడుగున రేకు దూర్చి, మట్టితో సహా ఎత్తండి. కంచు పక్కన ఉన్న ఎముక ఆకుపచ్చగా మారుతుంది. వస్తువు పోయినా ఆ మరక చూసి అక్కడ ఒకప్పుడు గాజో పిన్నో ఉందని రాసుకోండి.

ఇనుము తుప్పును గోకడం అన్నిటికన్నా పెద్ద తప్పు. కత్తి మీదో ఈటె మీదో ఆనుకుని ఉన్న బట్ట కుళ్ళిపోయేలోపు తుప్పు దాని దారాల్లోకి దిగి అచ్చు నిలబెడుతుంది. అలాంటి తుప్పు ముక్క ఫోటో ఒకటి పిల్లలకి చూపిస్తే, బండారులంక నుంచి వచ్చిన అమ్మాయి, వాళ్ళింట్లో మగ్గం ఉంది, వేలు పెట్టి చూపించింది, ఇది పడుగు, ఇది పేక, పేక కాస్త లావు దారం అని. నాకు తట్టనిది తనకి కనబడింది. ఆడవాళ్ళ సమాధుల్లో మట్టితో చేసిన కదురు బిళ్ళలు దొరుకుతాయని చెప్పగానే, అయితే బిళ్ళ బరువు తూచి రాయండి, దారం సన్నమో లావో దాన్ని బట్టి ఉంటుంది అంది. ఇప్పుడు మా నోట్సులో బరువుకి ఒక గడి ఉంది.

ఇనుమునీ కంచునీ తడిగా మూసిన కవర్లో పెట్టకండి. నీడలో ఆరనిచ్చి, చిల్లులున్న కవర్లో పెట్టండి. ప్రతి కవర్లోనూ ఒక చీటీ, బయట ఇంకో చీటీ, రెండింటి మీదా తేదీ, సమాధి నంబరు, పొర నంబరు, రాసినవాళ్ళ పేరు. పెన్ను కాదు, పెన్సిలు వాడండి, తడిసినా చెరగదు. ఒకటిన్నర గంట తవ్వితే ఒక గంట రాయండి. బొమ్మ గీయడానికి పది సెంటీమీటర్లను ఒక సెంటీమీటరుగా తీసుకోండి. ఫోన్ ఉంటే గొయ్యి చుట్టూ తిరుగుతూ, ఒక ఫోటోలో ఉన్నది ముప్పాతిక వంతు పక్క ఫోటోలో కూడా వచ్చేలా తీస్తే కంప్యూటరులో త్రీడీ బొమ్మ తయారవుతుంది. అయినా చేత్తో గీయడం మానొద్దు. గీసేటప్పుడే కన్ను పనిచేస్తుంది, ఏ రాయి దేని మీద ఉందో అప్పుడే తెలుస్తుంది.

అన్నీ ఎత్తాక ఖాళీ గొయ్యిని ఇంకోసారి ఫోటో తీయండి, గోడల మీద పలుగు గంట్లు ఉన్నాయేమో వాలు ఎండలో చూడండి. తవ్వినవాడి పనిముట్టు ఎంత వెడల్పో ఆ గంట్లే చెబుతాయి. ఆ తర్వాత పూడ్చేయాలి. తెరిచి వదిలేస్తే తొలి వానకే గోడలు కూలతాయి. అడుగున గాలీ నీరూ పోయే గుడ్డ పరచండి, ఇక్కడ మేము పాత గోనెసంచులు వేస్తాం. మట్టి పోయడానికి ముందు దాని మీద ఆ ఏడు ముద్రించిన ఒక రూపాయి బిళ్ళ పెట్టండి. వందేళ్ళ తర్వాత మళ్ళీ ఎవరైనా అక్కడ తాపీ పెడితే, ఇక్కడిదాకా ఒకసారి తవ్వారు, ఆ ఏడు తర్వాతే తవ్వారు అని వాళ్ళకి తెలుస్తుంది. మా దొడ్లో గోతిలో ఆ బిళ్ళ పెట్టేది మాత్రం నాన్న. పెట్టాక మట్టి పోసి, తడిపి, కాలితో తొక్కి, రసమట్టం పెట్టి చూసిగానీ లేవరు.